ఈసారి సంచుల దగ్గర కూర్చోకండి!

"ఏమండీ, ఈ ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్దామా?" అని మీరు అడిగారనుకోండి. ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఎక్కడికి?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. జూపార్కు చూసేశాం. ట్యాంక్‌బండ్ చూసేశాం. ఇక మిగిలింది సినిమా. నలుగురూ వెళ్లి, పిల్లలు అడిగినవన్నీ కొనిపెట్టి ఇంటికొచ్చేసరికి వారం కూరగాయల డబ్బు ఒక్క పూటలో ఆవిరి! నిజమే కదూ?

మాది నాచారం. ఒకవైపు పారిశ్రామికవాడ, ఇంకోవైపు ఉప్పల్ రింగ్ రోడ్డు. లారీలు, దుమ్ము, హారన్ల మోత. "ఇక్కడేముంది చూడ్డానికి?" అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నదాన్నే. ఒకరోజు వడియాలు ఎండబెట్టడానికి మేడ మీదికి వెళ్లి, ఉత్తరం వైపు చూశాను. ఇళ్ల కప్పుల మీదుగా మౌలాలి గుట్ట, ఒక్కటే పెద్ద రాయి, బోర్లించిన మూకుడులా కనిపించింది. పదేళ్లుగా రోజూ కనిపిస్తున్నదే! ఒక్కసారైనా ఎక్కానా? లేదు. మావారూ పిల్లలూ రెండుసార్లు ఎక్కొచ్చారు. మరి నేను? రెండుసార్లూ కింద సంచుల దగ్గర కూర్చున్నాను.

మీరూ అంతే కదా? పొద్దున నాలుగింటికి లేచి పులిహోర కలిపేది మనం. నీళ్ల సీసాలు, తువ్వాళ్లు, అత్తయ్యగారి మందులు, చిన్నదాని టోపీ... అన్నీ గుర్తుపెట్టుకుని సర్దేది మనం. తీరా అక్కడికి వెళ్లాక, "నువ్వెక్కడ ఎక్కుతావులే, ఇక్కడ చెట్టు కింద కూర్చో. సంచులు చూస్తూ ఉండు" అంటారు. మనమూ "సరే" అనేస్తాం. మోకాళ్లు, చీర, పైన బాత్రూమ్ ఉండదన్న భయం... వంకలకేం, కావలసినన్ని!

ఆ "సరే" ఒకసారి మా ఇంట్లో ఎంత పని చేసిందో ముందుగా చెబుతాను. ఆ తర్వాత ఉప్పల్, నాచారం నుంచి ఒక్క పూటలోనో ఒక్క రోజులోనో వెళ్లిరాగల రాతిగుట్టల సంగతి చెబుతాను. మీరు ఊరికి ఇంకోవైపు ఉన్నా ఫరవాలేదు. మెట్రో ఎక్కితే ఉప్పల్ ఎంతసేపు!

ఆ మే నెల మధ్యాహ్నం

నాలుగేళ్ల కిందటి మాట. వేసవి సెలవులు. మా పెద్దాడికి పన్నెండేళ్లు, చిన్నదానికి తొమ్మిది. భువనగిరి కోట చూద్దామని బయల్దేరాం. ఇంట్లో పని తెమిలేసరికి తొమ్మిదైంది. కోట దగ్గరికి చేరేసరికి పది దాటింది. మావారూ పిల్లలూ పైకి వెళ్లారు. నేను యథాప్రకారం టిఫిన్ క్యారియర్‌కీ, అత్తయ్యగారికీ తోడుగా చెట్టు కింద కూర్చున్నాను. ముగ్గురికీ కలిపి రెండు నీళ్ల సీసాలు ఇచ్చాను. ఇంకో నాలుగు నా దగ్గరే, సంచిలోనే ఉన్నాయి!

వాళ్లు ఒంటిగంటకు దిగారు. చిన్నదాని మొహం మిరపపండులా ఎర్రగా ఉంది. ఒళ్లు కాలిపోతోంది. "అమ్మా, తల తిరుగుతోంది" అంటూనే వాంతి చేసుకుని నా మీద వాలిపోయింది. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాం. వాళ్లు తడిగుడ్డలతో ఒళ్లు తుడిచి, సెలైన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచి ఐస్‌క్రీం అడిగింది, దేవుడి దయ.

కానీ డాక్టరు అడిగిన ఒక ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "పాప పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగింది?"

ఎవరికీ తెలియదు. ఆయనేమో పెద్దాడు ఇచ్చాడనుకున్నారు. పెద్దాడు నాన్న ఇచ్చారనుకున్నాడు. ఎవరు ఎప్పుడు తిన్నారు, ఎవరు ఎంత తాగారు... ఆ లెక్క మా ఇంట్లో ఎప్పుడూ నా తలలోనే ఉంటుంది. ఆ రోజు ఆ లెక్క కొండ కింద కూర్చుంది. బిడ్డ కొండ మీద ఉంది.

మావారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. లెక్కంతా ఒక్క మనిషి తలలోనే ఉండి, ఆ మనిషి కింద ఉండిపోతే వచ్చే ప్రమాదం ఇది. అప్పుడే రెండు నిర్ణయాలు తీసుకున్నాం. ఒకటి, ఎవరి నీళ్లు వాళ్లే మోయాలి, తాగిన లెక్క వాళ్లే చెప్పాలి. రెండు, నేనూ ఎక్కాలి.

మనది ఎడారి కాదు, కానీ...

రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన హైదరాబాదులో 800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. కాబట్టి మనది ఎడారి అనలేం. కానీ ఈ దక్కను రాతినేల మీద ఏప్రిల్, మే నెలల్లో నిలబడి చూడండి! చెట్టు ఉండదు, నీడ ఉండదు, బండ పెనంలా కాలుతుంది. ఎడారిలో పాటించే జాగ్రత్తలన్నీ ఇక్కడా పాటించాల్సిందే.

అదే బండ కార్తీకం నుంచి మాఘం దాకా ఎంత హాయిగా ఉంటుందో! పొద్దున చల్లటి గాలి, బండ సందుల్లో నీటిగుంటలు, పక్కన సీతాఫలం పొదలు, తుమ్మచెట్ల మీద పిట్టలు. మన పెద్దవాళ్లు వనభోజనాలు కార్తీకంలో పెట్టింది ఊరికే కాదు సుమా!

మొదటి పాఠం: హబ్సిగూడలో

కొండ ఎక్కేముందు రాయి అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే, ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గర ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. భూమి లోపలి సంగతులు పరిశోధించే జాతీయ సంస్థ ఇది. 1961లో మొదలైంది. మెట్రో స్టేషన్‌కి కూడా దాని పేరే పెట్టారు. ఆ ఆవరణలో 2022 జనవరి 6న ఆరుబయటే ఒక రాళ్ల మ్యూజియం ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి తెచ్చిన 35 రకాల రాళ్లు అక్కడ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాని వయసు 330 కోట్ల ఏళ్లు, చిన్నదానికి 5.5 కోట్ల ఏళ్లు! అది పరిశోధన సంస్థ కాబట్టి నేరుగా వెళ్లిపోకుండా, బయటివాళ్లను ఎప్పుడు రానిస్తారో ముందు కనుక్కుని వెళ్లండి.

మన చుట్టూ ఉన్న నల్లసేనపు గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే గుండ్లు ఎలా వచ్చాయని మా చిన్నది అడిగింది. ఎవరూ పేర్చలేదు. ఒకప్పుడు అదంతా ఒకే రాయి. పగుళ్లలోకి నీళ్లు దిగి, ఎండకూ చలికీ సాగి ముడుచుకుని, ఉల్లిపాయ పొరలు ఊడినట్టు పైపొరలు ఊడిపోతాయి. మూలలు అరిగిపోయి, లోపలి గుండు మిగులుతుంది. ఇంటికొచ్చి ఉల్లిపాయ ఒలిచి చూపించాను. పాఠం ఒక్క నిమిషంలో అర్థమైంది!

ఇలాంటి గుట్టలు ఎన్నో ఇళ్ల కోసం, కంకర కోసం మన కళ్లముందే పేలిపోయాయి. వీటిని కాపాడాలని 1996లో హైదరాబాదులో ఒక సంఘమే పుట్టింది. 250 కోట్ల ఏళ్ల రాయి పొడి కావడానికి ఒక వారం చాలు. అందుకే ఉన్నవాటినైనా పిల్లలకు చూపించండి. ఎక్కిన గుట్టను ఎవరూ అంత తేలిగ్గా మరిచిపోరు.

సగం పూట: మౌలాలి గుట్ట

నాచారం నుంచి నాలుగైదు కిలోమీటర్లు, అంతే. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉంటాం. సుమారు 500 మెట్లు. పైన హజ్రత్ అలీ పేరున వెలసిన దర్గా ఉంది. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కాలం నాటిదని చెబుతారు. రజబ్ నెలలో జరిగే ఉర్సుకు జనం విరగబడి వస్తారు. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజుల్లోనే వెళ్లండి. దర్గా దగ్గర చెప్పులు విడవాలి, తల మీద కొంగు కప్పుకోవాలి.

మెట్లు కాబట్టి పిల్లలకు భయం లేదు. మనకే మోకాళ్లు! దానికో ఉపాయం ఉంది. యాభై మెట్లు ఎక్కండి, ఆగండి, రెండు గుక్కల నీళ్లు తాగండి. మళ్లీ యాభై. పది విడతల్లో పైన ఉంటారు. పైనుంచి చూస్తే రైలు పట్టాలు, బొమ్మల్లాంటి రైళ్లు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు. "అమ్మా, మన మేడ ఏదీ?" అని పిల్లలు వెతుక్కోవడమే పెద్ద ఆట.

దిగాక వెంటనే ఇంటికి వచ్చేయకండి. గుట్ట అడుగున ఒక తోటలో మహ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఈవిడ నిజాం అలీఖాన్ కొలువులో నర్తకి, గాయని, కవయిత్రి. ఉర్దూలో సొంతంగా దివాన్, అంటే గజళ్ల సంపుటి, ఉన్న తొలి మహిళల్లో ఒకరు. అంతటితో అయిపోలేదు! విలువిద్య నేర్చి, గుర్రమెక్కి, నిజాంతో పాటు యుద్ధయాత్రలకు కూడా వెళ్లిందట. తల్లి చనిపోతే ఈ గుట్ట నీడలోనే తోట వేయించి, సమాధి కట్టించింది. తర్వాత తానూ ఆమె పక్కనే విశ్రమించింది. చాలాకాలం పాడుబడి ఉన్న ఈ చోటును 2010 తర్వాత బాగుచేశారు. ఒక్కోసారి గేటుకు తాళం ఉంటుంది. చుట్టుపక్కల అడిగితే తీయించే మనిషి దొరకవచ్చు.

రెండు వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి ఏనుగుల మధ్య, గుడారాల మధ్య ఊళ్లు తిరిగింది. మనం 500 మెట్లకు వెనకాడటమా? నాకైతే అక్కడ నిలబడినప్పుడు కాస్త సిగ్గేసింది!

అత్తయ్యగారితో సహా: కీసరగుట్ట

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే కీసరగుట్ట మేలు. నాచారం నుంచి ఇ.సి.ఐ.ఎల్. మీదుగా పాతిక కిలోమీటర్లు ఉంటుంది. గుడి దాకా బండి వెళుతుంది కాబట్టి ఎవరూ కింద కూర్చోనక్కర్లేదు. రామలింగేశ్వరస్వామి గుడి. రాముడు శివలింగం తెమ్మని పంపితే హనుమంతుడు కాశీ నుంచి తేవడం ఆలస్యమైందనీ, ముహూర్తం దాటిపోతోందని ఈలోగా వేరే లింగాన్ని ప్రతిష్ఠించేశారనీ, అలిగిన హనుమంతుడు తాను తెచ్చిన లింగాల్ని గుట్టంతా విసిరేశాడనీ స్థలపురాణం. నిజంగానే గుట్ట మీద ఎక్కడ చూసినా లింగాలే! పిల్లలకు లెక్కపెట్టే పని అప్పగించండి. మనకు గంటసేపు తీరిక.

ఈ గుట్టకు ఇంకో గొప్ప ఉంది. ఇక్కడ తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఒక బండ మీద "తొలచువాండ్రు" అని చెక్కిన మాట దొరికింది. రాతిని తొలిచేవాళ్లు అని అర్థం. సుమారు 5వ శతాబ్దం నాటిదని చరిత్రకారులు చెబుతారు. ఇప్పటికి దొరికిన బాగా పాత తెలుగు మాటల్లో ఇదొకటి. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు... ఉలి పట్టుకున్న కూలివాళ్ల మాట! ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పినా మన ప్రయాణం దండగ కాదు.

ఇక్కడ కోతులు ఎక్కువ. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినిపిస్తే చాలు, ఎగిరొచ్చి లాక్కుంటాయి. తినుబండారాలు గుడ్డసంచిలో, మూత బిగించిన డబ్బాలో ఉంచండి. కోతి లాగితే వదిలేయండి. పెనుగులాడితే గీరుతుంది. శివరాత్రికి పెద్ద జాతర. చిన్నపిల్లలతో ఆ రోజు వద్దు.

రోజంతా: భువనగిరి కోట

ఇక అసలు సాహసం. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే 40 కిలోమీటర్ల లోపే. సొంత బండి లేదని బెంగపడకండి. ఉప్పల్‌లో బస్సులు దొరుకుతాయి. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. ఒకప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటడమే పెద్ద సాహసంగా ఉండేది. 2023లో స్కైవాక్ వచ్చాక ఆ సాహసం కాస్త తగ్గింది!

భువనగిరి కోట ఉన్నది ఒక్కటే రాయి మీద. 500 అడుగులకు పైనే ఎత్తు. ఒకవైపు నుంచి చూస్తే కోడిగుడ్డులా, ఇంకోవైపు నుంచి తాబేలులా కనిపిస్తుంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడని బిరుదు. ఆయన పేరు మీదే ఇది త్రిభువనగిరి, వాడుకలో భువనగిరి అయింది. మొదట్లో మెట్లు, ద్వారాలు. తర్వాత నున్నటి ఏటవాలు బండ. పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి. శిఖరం మీద పాత మహలు గోడలు, దారిలో నీటిగుంటలు, ఫిరంగులు.

మే నెల అనుభవం తర్వాత రెండేళ్లకు, కార్తీకమాసంలో మళ్లీ వెళ్లాం. పొద్దున ఏడున్నరకల్లా కోట దగ్గర ఉన్నాం. అత్తయ్యగారు తనే అన్నారు: "నువ్వెళ్లవే. సంచులకి నేను లేనూ? కాళ్లున్నప్పుడే ఎక్కాలి. నేనెప్పుడూ ఎక్కలేదు, నన్నెవరూ ఎక్కమనలేదు." ఆ మాటకు నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆవిడ దగ్గర మావారి తమ్ముణ్ణి ఉంచి కదిలాం.

మెట్లు అయిపోయి నున్నటి బండ మొదలయ్యేసరికి నా కాళ్లు వణికాయి. పక్కనుంచి చూస్తే కింద ఊరు. ఇక నావల్ల కాదని కూర్చుండిపోయాను. అక్కడ గంపలో సీతాఫలాలు పెట్టుకుని ఒకామె కూర్చుంది. నాకన్నా పెద్దది. ఆ గంప నెత్తిన పెట్టుకునే అంత దూరం ఎక్కిందన్నమాట! నన్ను చూసి నవ్వింది. "ఏం గాదు బిడ్డా. కమ్మి గట్టిగ పట్టుకో. కిందికి జూడకు, నీ కాలు జూసుకో. ఎక్కినంక నువ్వే సంబరపడ్తవ్" అంది.

కాలు చూసుకుంటూ ఎక్కాను. చిన్నది ముందు నడుస్తూ "అమ్మా, ఇక్కడ కాలు పెట్టు, ఇక్కడ జారదు" అని చెబుతూనే ఉంది. మూడేళ్లప్పుడు దానికి నేను మెట్లు దిగడం నేర్పినట్టు! పైకి చేరాక ఆ గాలి, చుట్టూ పొలాలు, చెరువులు... వర్ణించడం నాకు చేతకాదు. మీరే చూడాలి. అక్కడ నిలబడి లెక్క అడిగాను. "నేను అర సీసా" అంది చిన్నది. "నాది అయిపోయింది, రెండోది తీశా" అన్నాడు పెద్దాడు. "నేను తాగడం మరిచిపోయా" అన్నారు మావారు. ఆయనకు అప్పటికప్పుడు తాగించాం.

ఈ బండ మీదే మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకుంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి, గిరిజన కూలీల బిడ్డ, గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు! ప్రపంచంలో ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నది. ఆ అమ్మాయికి కూడా మొదట ఈ రాయే ఎదురైంది. ఆ సంగతి తలుచుకున్నాక నా వణుకు నాకే నవ్వొచ్చింది.

ఒక్క హెచ్చరిక. వాన పడ్డప్పుడు, పడ్డ మర్నాడు ఈ బండ ఎక్కకండి. పాచి పట్టి సబ్బులా జారుతుంది. కమ్మీలు లేనివైపు పిల్లల్ని వెళ్లనివ్వకండి. తేనెపట్టు కనిపిస్తే రాళ్లు వేయడం, పొగ పెట్టడం, కేకలు పెట్టడం ఏవీ వద్దు. తాళ్లు కట్టుకుని నిటారు బండ ఎక్కే విద్య శిక్షకులు దగ్గరుండి నేర్పిస్తేనే.

ఓపిక మిగిలితే: పోచంపల్లి

కొండ వద్దనుకున్న వారం పోచంపల్లి వెళ్లండి. ఇదీ 40 కిలోమీటర్ల దూరమే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టింది ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. మగ్గం ముందు కూర్చున్నవాళ్లను అడిగితే, దారాలకు ముందే ముడులు కట్టి రంగు ఎలా అద్దుతారో ఓపిగ్గా చూపిస్తారు.

చీర కొనేముందు ఆసు పోయడం తప్పక చూడండి. మేకుల చుట్టూ దారం తిప్పే పని. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇళ్లలో ఆడవాళ్లదే. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్లతరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అమ్మ చేసే పనిని పక్కనుంచి గమనించిన కొడుకు కథ ఇది. మన ఇంటి మగపిల్లలకు తప్పక చెప్పండి.

సంచిలో ఏం పెట్టాలి?

మొదటి సూత్రం: ఆ రోజు వంట ఒక్కటే రకం. నాలుగు రకాలు చేసి అలిసిపోతే ఇక కొండేం ఎక్కుతాం? చింతపండు పులిహోర సాయంత్రం దాకా చెడదు. లేదా ఈ దద్దోజనం చేసి చూడండి. మధ్యాహ్నానికి పులవదు.

ఒక గ్లాసు బియ్యం మూడున్నర గ్లాసుల నీళ్లతో మెత్తగా వండండి. వేడిగా ఉన్నప్పుడే గరిటెతో మెదిపి, చల్లారనివ్వండి. కాచి గోరువెచ్చగా చేసిన పాలు ఒకటిన్నర గ్లాసు, పెరుగు రెండు చెంచాలు, తగినంత ఉప్పు కలపండి. ఆవాలు, మినప్పప్పు, అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టండి. పెరుగు తక్కువ, పాలు ఎక్కువ కాబట్టి మీరు కొండ దిగేసరికి సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది. నంజుకోవడానికి ఊరమిరపకాయలు. చిరుతిండికి సర్వపిండి, ఉడికించిన పల్లీలు, జామకాయలు, కీరా ముక్కలు. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దు, ఎండకు పాడైపోతుంది.

ఇవి గుర్తుంచుకోండి

* పొద్దున పదిన్నరకల్లా కొండ దిగేయాలి. ఏప్రిల్, మే నెలల్లో అసలు వద్దు.
* పెద్దవాళ్లకు రెండు లీటర్లు, పిల్లలకు ఒక లీటరు తక్కువ కాకుండా నీళ్లు ఉండాలి. ఎవరి సీసా వాళ్ల వీపునే.
* "బాత్రూమ్ ఎక్కడ వెతుక్కోను?" అని మనం నీళ్లు తాగడం మానేస్తాం. వద్దు! ఎక్కేముందు కింద ఎక్కడుందో కనుక్కుని వెళ్లిరండి. నీళ్లు మాత్రం మానకండి. నెలసరి రోజులైతే కావలసినవి, ఒక కాగితపు సంచి వెంట ఉంచుకోండి.
* ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీస్పూను, తలగొట్టి కొలవాలి. నీరసానికి ఇదే మందు.
* తలనొప్పి, వికారం, మాటల్లో తడబాటు కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోన్ చేయండి.
* చీరైతే కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోండి. చుడీదారైతే మరీ మంచిది, చున్నీ ముడి వేసుకోండి. నున్నగా అరిగిన చెప్పులు వద్దు, రబ్బరు అడుగు బూట్లు కావాలి.
* తెచ్చిన చెత్త తిరిగి మన సంచిలోకే.
* మోకాళ్ల నొప్పులవాళ్లు ఆగిపోవచ్చు. కానీ ప్రతిసారీ ఒక్కరే కింద ఆగకూడదు. వంతులు వేసుకోండి.

ఆ రోజు మేం దిగొచ్చేసరికి అత్తయ్యగారు ఆత్రంగా, "ఏముందే పైన?" అని అడిగారు. చెప్పాను, గాలి గురించీ, చెరువుల గురించీ. పూర్తిగా విని, "నన్ను కీసరగుట్టకైనా తీసుకెళ్లండి మరి" అన్నారు. మర్నాటి ఆదివారమే తీసుకెళ్లాం. బండి దిగి, గుడి వెనక బండ మీద పదడుగులు నడిచి, గాలికి కొంగు ఎగురుతుంటే అలాగే నిలబడ్డారు. "దిగుదామా అత్తయ్యా?" అంటే, "ఉండవే, ఇప్పుడేగా వచ్చాం" అన్నారు.

అందుకే చెబుతున్నాను. వచ్చే ఆదివారం సంచి సర్దండి, కానీ ఆ సంచిని అందరి వీపుల మీదా పంచండి. "నువ్వెక్కడ ఎక్కుతావులే" అని ఎవరైనా అంటే, "చూద్దాం పదండి" అనండి. ముందు మౌలాలి గుట్ట ఎక్కండి. 500 మెట్లే!